పల్లెటింటి నేలక్రింది సంగతి

పల్లెలో ఇల్లు కొని స్థిరపడవలెనని తలచువారు నేడు పెక్కుమంది గలరు. కొనువారు దూలములు చూతురు, గోడలలోని నెఱ్ఱెలు చూతురు, సింహద్వారము ఏ దిక్కున నున్నదో సిద్ధాంతిగారి నడుగుదురు. పెరటిలో సిమెంటు పలక క్రింద దాగియున్న సెప్టికు ట్యాంకు మాట మాత్రము రిజిష్టరీ దినము వఱకును ఎవరికిని తోచదు. లక్కయింట నడుగిడిన నాడే ధర్మరాజు గోడల వాసన పసిగట్టి తమ్ముని హెచ్చరించెను గాని, ఆ భవనపు సొగసునకు మురిసిపోలేదు. ఇల్లు పరీక్షించు పద్ధతి అది. వంటకును, పానమునకును నీరు సమకూర్చుకొను భారము మనదే గనుక, ఈ పరీక్ష మగవారికి వదలివేయదగినది కాదు.

ముందుగా ఆ తొట్టి చేయు పని యెట్టిదో తెలిసికొందము. ఫ్రాన్సు దేశస్థుడగు మూరాస్ అనునతడు 1860 ప్రాంతమున ఇట్టి తొట్టిని కట్టి, 1881లో దానిపై హక్కుపత్రము పొందెను. 1895 ప్రాంతమున ఇంగ్లండులోని ఎక్సెటరు నగరమున డొనాల్డు కామెరన్ అను ఇంజనీరు దానిని మెఱుగుపఱచి, సెప్టికు ట్యాంకు అని పేరిడెను. తొట్టిలో చేరిన మురికి మూడు పొరలగును. బరువైనది మడ్డిగా అడుగునకు దిగును. నూనె, జిడ్డు మొదలగునవి తెట్టెగట్టి పైకి తేలును. నడుమనున్న నీరు గొట్టము వెంట ఇంకుడుగుంతకు పోవును. గాలి సోకని చోట బ్రతుకు సూక్ష్మజీవులు మడ్డిని కొంతవఱకు జీర్ణము చేసికొనును గాని, అంతయు హరింపజాలవు. మిగిలినది ఏటేట పేరుకొనును. కావున రెండు మూడేండ్ల కొకసారి తీయింపక తప్పదు. వెలుపలికి వచ్చు నీరు సైతము శుద్ధజలము కాదు. అందు రోగక్రిములు విస్తారముగా నుండును. దానిని వడకట్టునది ఇంకుడుగుంత చుట్టునున్న మన్నే.

ఈ సంగతి తెలిసినవారికి, ఇల్లమ్మువారు తఱచుగా పలుకు ఒక మాటలోని గుట్టు బోధపడగలదు. మేము గోదావరి మెట్టసీమలో ఒక పాత పెంకుటిల్లు బేరమాడునపుడు, "పన్నెండేండ్లైనదమ్మా, ఒక్కసారియు ట్యాంకు తీయించు పని పడలేదు" అని వారు గొప్పగా చెప్పిరి. నిండని తొట్టి మంచి తొట్టియని చాలమంది నమ్మకము. నిజమునకు అది మంచితనమునకు గాక దోషమునకే సాక్ష్యము. అడుగు గట్టిగా లేనందున మురికి తిన్నగా నేలలోనికి దిగిపోవుటచేతనే అది నిండదు. బేరము ముగియక పూర్వమే మేము పీల్చు యంత్రముగల ట్యాంకరు బండిని పిలిపించి ఖాళీ చేయించి, పైనుండియే టార్చిలైటు వేసి చూచితిమి. అడుగున సిమెంటు లేదు, నడుమ గోడ లేదు. టేపుతో కొలువగా నూతికిని దానికిని నడుమ 22 అడుగులు మాత్రమే యుండెను.

భారతీయ ప్రమాణముల ననుసరించి, ఇంకుడుగుంతకును త్రాగునీటి నూతికిని కనీసము 18 మీటర్లు, అనగా సుమారు 60 అడుగులు, దూరముండవలయును. ఇంటిగోడకు 6 మీటర్లు ఎడముండవలయును. నూయి ఈశాన్యమున నుండవలెనని పెద్దలు చెప్పుదురు. దిక్కు కుదిరినను దూరము చాలనిచో నీరు చెడక మానదు. నేల వాలు నూతివైపున్నచో మఱింత వేగముగా చెడును. పొరుగింటివారి గుంత మన నూతికెంత దూరమో, మన గుంత వారి బోరుకెంత దూరమో కూడ కొలువవలయును. నేలక్రింది నీటికి ప్రహరీగోడ లేదు గదా!

గాలి, నీరు, నేల, కాలము చెడినచో జనపదములే నశించునని చరకసంహితలో ఒక అధ్యాయమే గలదు. చెడిన నూతినీరు కంటికి తేటగానే యుండవచ్చును. అతిసారము, టైఫాయిడు, పచ్చకామెరలు అట్టి నీటివలననే ప్రబలును. నీరు కాచినచో క్రిములు చచ్చును. కాని మురికివలన చేరిన నైట్రేటు అను లవణము కాచినను పోదు. అది పోతసీసాతో పాలు త్రాగు పసికందులకు మిక్కిలి ప్రమాదకరము. కావున నీటిని పరీక్ష చేయింపక ఇల్లు కొనరాదు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ పథకము క్రింద గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పు ఏర్పాటు గలదు. మీ యూర అట్టివారెవరో విచారింపుడు.

ఇక మేము చేసిన ఏర్పాటు వినుడు. క్రొత్త తొట్టికగు వ్యయమును ఇంటి ధరలో తగ్గించి, ఆ మాటను ఒప్పందపత్రములో వ్రాయించితిమి. పాతదానిని మన్నుతో గట్టిగా పూడ్పించి, నూతికి దూరముగా పల్లపువైపున క్రొత్తదానిని కట్టించితిమి. పదిమంది మెలగు ఇంటికి, రెండేండ్ల కొకసారి తీయించు లెక్కన, లోపలి కొలత 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, నీటిలోతు 1.4 మీటర్లు, పైన 30 సెంటీమీటర్ల ఖాళీ ఉండవలయును. పొడవులో మూడింట రెండుపాళ్ల చోట అడ్డుగోడ పెట్టి రెండు గదులు చేయవలయును. గాలిగొట్టము ఇంటికప్పుకంటె 2 మీటర్లెత్తున నిలువవలయును. పని ముగిసిన పిమ్మట మేస్త్రికి సొమ్ము చెల్లింపకమునుపే తొట్టినిండ మంచినీరు పోయించి, ఒక పగలు ఒక రాత్రి యుంచితిమి. మట్టము తగ్గకున్నచో అడుగు గట్టిదని యర్థము.

మా నేల ఎఱ్ఱమన్ను గనుక ఇంకుడుగుంత చక్కగా పనిచేయుచున్నది. డెల్టాలో నేలమట్టమునకు 1.8 మీటర్ల లోపుననే నీరూరు చోట్లను, నీరు పీల్చని నల్లరేగడిలోను అది పనికిరాదు; అచ్చట ఇంజనీరు నడిగి మెరక కట్టించుకొనవలయును. అట్టిచోట్ల వానకాలమున తొట్టిని పూర్తిగా ఖాళీ చేయింపరాదు. క్రింది నీటి ఒత్తిడికి అది పైకి లేచి పగులవచ్చును. నీరు లోతున నున్న నేలలో చిన్న కుటుంబమునకు సిమెంటు వరలతో రెండు గుంతలు చాలును. ఒకటి నిండినపుడు రెండవదానికి మరల్చి, మొదటిదానిని ఏడాదిన్నర మొదలు రెండేండ్లు కదల్పకున్నచో అది వాసనలేని ఎరువగును.

ఒక ముఖ్యవిషయము మిగిలినది. పాత తొట్టిని ఖాళీ చేయించు దినమున బండివారు, "అడుగున మడ్డి మిగిలినది, కుఱ్ఱవానిని దింపి ఎత్తించెదము, మఱియొక అయిదువందలు ఇప్పింపుడు" అనిరి. మేము సమ్మతింపలేదు. మిగిలిన మడ్డిపై నీరు చిమ్మి యంత్రముతోనే మరల లాగించితిమి. తొట్టిలోని హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు మొదట కుళ్లిన గ్రుడ్ల వాసన కొట్టును. హెచ్చైనపుడు ముక్కు మొద్దుబారి వాసనయే తెలియదు. దిగినవాడు క్షణములో కూలును, రక్షింపబోయినవాడును కూలును. మీథేను మండునది గనుక మూత యొద్ద అగ్గిపుల్ల గీయరాదు. రక్షణసామగ్రి లేక మనుష్యుని దింపించుట 2013 నాటి చట్టముచే నేరము. ఇట్లు మరణించినవారి కుటుంబమునకు 10 లక్షల రూపాయలీయవలెనని 2014లోను, దానిని 30 లక్షలకు పెంచి 2023లోను సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. కాని పోయిన బిడ్డను ఏ తల్లికి ఎన్ని లక్షలు తెచ్చియీయగలవు? ఆ మాట వాకిటిలో నిలిచి ఆనాడే చెప్పవలసినది ఇల్లాలు.

నిత్యజాగ్రత్తలు కొలదియే. ఆసిడు, ఫినాయిలు అధికముగా పోయకుడు. లోపలి సూక్ష్మజీవులు చచ్చును. గుడ్డపీలికలు, మిగులునూనె, ప్లాస్టికు సంచులు పడనీయకుడు. తీయించిన తేదీని పంచాంగము వెనుక వ్రాసియుంచుడు. వచ్చిన బండివాడు మడ్డిని ఏ చెఱువుగట్టునో క్రుమ్మరింపక శుద్ధికేంద్రమునకు చేర్చునో లేదో అడుగుడు. మన పెరటినుండి పోయినది ఇంకొకరి బిందెలోనికి చేరకుండ చూచుటయు మన గృహధర్మమే.