విద్యార్థి జీవితము – సలహాల ప్రభావము

మనము నిత్యము వాడు ‘సలహా’ అను మాట ఉర్దూ నుండి తెలుగునకు వచ్చినది. దానికి మూలమగు అరబ్బీ పదమునకు మేలు, మంచితనము అని అర్థము. తెలుగున ‘హితవు’ అన్నను మేలే. రెండు భాషలును ఆలోచన చెప్పుటను మేలు చేయుటగానే భావించినవి. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. కీడు చేయదలచినవాడును అదే పేరుతో, అంతే మెత్తని మాటతో మన చెంతకు వచ్చును. పదునెనిమిది, ఇరువది ఏండ్ల వయస్సున ఈ రెంటిని వేరుచేసి చూచుట సులభము కాదు. ఏమి చదువవలెను, చదువు సాగించవలెనా, మానవలెనా అను నిర్ణయములన్నియు ఆ వయస్సుననే మీదపడును.

మన కళాశాలలోని రెండు భాషలకును చెందిన కథ ఒకటి కలదు. తెలుగువారు దానిని చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో (1853) మిత్రభేదముగా చదివిరి. అదే పంచతంత్ర కథ 6వ శతాబ్దిలో ఇరానునకు పోయి పహ్లవీ భాషలోనికి, 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిమీదుగా అరబ్బీలోనికి చేరి ‘కలీలా వ దిమ్నా’ అయినది. అటుపిమ్మట పారసీకము దాటి, 19వ శతాబ్ది ఆరంభమున ‘ఖిరద్ అఫ్రోజ్’ అను పేర ఉర్దూలోనికి వచ్చినది. సింహమునకును ఎద్దునకును గాఢమైన స్నేహము. దానివలన తన పలుకుబడియు తిండియు తగ్గినవని దమనకుడను నక్కకు కడుపుమంట. వాడు సింహముతో ఎద్దు కుట్ర పన్నినదనియు, ఎద్దుతో సింహము నిన్ను చంపనున్నదనియు చెప్పెను. అంతటితో ఊరకుండక, ఎదుటివారి ఏ చేష్టను చూచి దీనిని నమ్మవలెనో కూడ ఇద్దరికిని నేర్పెను. ప్రాణభయముతో వచ్చిన ఎద్దు నిలుచున్న తీరే సింహమునకు సాక్ష్యమైనది; సింహపు కోపమే ఎద్దునకు సాక్ష్యమైనది. తుదకు ఎద్దు ప్రాణము పోయినది.

దుస్సలహా చేయు పని ఇదియే. తనకు కావలసిన ఋజువును తానే పుట్టించుకొనును. ‘ఆ అధ్యాపకునికి నీవన్న గిట్టదు’ అని ఒక మిత్రుడు చెవినవేసిన నాటినుండి విద్యార్థి తరగతిలో ముఖము ముడుచుకొని కూర్చుండును. అది చూచి అధ్యాపకుడు నిజముగానే దూరమగును.

సంస్కృత కథలో దమనకునికి శిక్ష లేదు. అది నచ్చకనే కాబోలు, అరబ్బీలో దిమ్నాను విచారించి మరణదండన విధించు అధ్యాయము చేరినది. ఆ అధ్యాయము మాకు ఇష్టమే. కాని లోకమున తరచు జరుగునది మొదటి కథయే.

మేలైన సలహాకు ఉదాహరణ వెదకిన, అబ్దుల్ కలామ్ గారు తమ ఆత్మకథలో చెప్పుకొన్నది జ్ఞప్తికి వచ్చును. వైమానిక దళమున పైలటు కావలెనని వారు డెహ్రాడూన్ వెళ్ళిరి. 25 మందిలో 9వ వారుగా నిలిచిరి. తీసికొన్నది 8 మందిని. కుంగిపోయి ఋషీకేశమునకు పోయి స్వామి శివానందను కలిసికొనిరి. ఆ ఓటమిని మరచి, తన జీవితమునకు గల ప్రయోజనమును వెదకుకొమ్మని స్వామి చెప్పిరి. రామేశ్వరము నుండి వచ్చిన ఆ ముస్లిమ్ యువకునికి ఈ మాట చెప్పుటవలన స్వామికి ఒరిగినది ఏమియు లేదు. ఫలానా కొలువున చేరుమని ఆజ్ఞాపించనులేదు. కలామ్ గారు ఢిల్లీకి వచ్చి, 1958లో రక్షణ మంత్రిత్వ శాఖ సాంకేతిక విభాగమున నెలకు 250 రూపాయల జీతముపై చేరిరి.

ఇక నేటి మన విద్యార్థుల చెవిన పడు మాటలను ఇదే తూనికరాయితో తూచి చూతము. డిగ్రీ రెండవ సంవత్సరమున ఉన్నవానితో, ‘ఈ చదువుతో ఏమగును? దుబాయిలో పని చూపెదను, విజిట్ వీసా చాలును’ అను ఏజెంటు, వాడు విమానమెక్కకముందే సొమ్ము పుచ్చుకొనును. విదేశములకు పనివారిని పంపువారు ప్రభుత్వమువద్ద నమోదు పొందవలెనని 1983లోనే వలస చట్టము వచ్చినది. నమోదు పత్రము చూపుమన్న ఇతనికి కోపము వచ్చును. విజిట్ వీసాపై పని చేయుట అచ్చటి చట్టమునకు విరుద్ధమని ముందుగా చెప్పడు. పట్టుబడిన నాడు జరిమానా కట్టవలసినదియు, ఇంట తాకట్టుపెట్టిన తల్లి బంగారము విడిపించవలసినదియు ఆ పిల్లవాడే. ‘ఆడపిల్లకు ఇంటరుతో చాలును’ అను బంధువు మాటయు ఇట్టిదే. నష్టపోవునది ఆయన కాదు.

తల్లిదండ్రుల సంగతి వేరు. వారికి ప్రేమ కొరవడదు. కోర్సులను గూర్చిన సమాచారము కొరవడవచ్చును. పొరుగింటి అబ్బాయి ఇంజనీరు అయినాడు గనుక మనవాడును కావలెనందురు. వారి మాట త్రోసివేయక, తెలిసినది వారికి తెలియజెప్పుట విద్యార్థి పని.

ఉర్దూలో ‘మష్వరా’ అను మరియొక మాట కలదు. దివ్య ఖురాన్ 42వ సూరాకు పేరైన ‘షూరా’తో దానికి చుట్టరికము. అందు నలుగురు కూర్చుండి పరస్పరము ఆలోచించుకొనుట అను భావము ఉన్నది. ప్రవేశ దరఖాస్తులు నింపుటకు ముందు కళాశాల కమిటీవారు విద్యార్థులను, తల్లిదండ్రులను, అధ్యాపకులను ఏటేట ఒకచోట చేర్చవలెనని మా మనవి. గల్ఫునకు పోయి తిరిగివచ్చినవారిని ఒకరిద్దరినైనను పిలువవలెను. ఉర్దూ మాత్రమే తెలిసిన తల్లులు వత్తురు గనుక, అచ్చట చెప్పునదంతయు రెండు భాషలలోను చెప్పవలెను.