మాండలిక పరిశోధనమున సాక్ష్యవిచారము

భాషాశాస్త్రమున డాక్టరేటు పట్టమునకై కృషి చేయు విద్యార్థులు పెక్కుమంది ముందు సిద్ధాంతమును ఏర్పఱచుకొని, పిదప దానికి ఉదాహరణములను వెదకుచుందురు. అందువలన గ్రంథము పెద్దదగును గాని, క్రొత్తగా తెలిసిన యంశము స్వల్పమగును. మాండలిక విషయమున ఈ క్రమము మఱింత హానికరము. ఏ పదము దొరికినదన్న దానికంటె, అది యెవరి నోట, ఏ ప్రశ్నకు ఉత్తరముగా దొరికినదన్నదే ముఖ్యము. లభించిన తెఱఁగు తెలియని సాక్ష్యమును వేఱొకరు పరీక్షింపఁజాలరు. పరీక్షకు నిలువని సాక్ష్యము శాస్త్రమునకు పనికిరాదు. ఈ సంగతిని ఒక స్థలమును దృష్టాంతముగా గైకొని వివరింతము.

విజయవాడ నుండి ఏలూరునకు పోవు జాతీయ రహదారిపై హనుమాన్ జంక్షన్ అను కూడలి కలదు. అచటినుండి ఒక దారి మామిడితోఁటలకు పేరొందిన నూజివీటి మెట్టకును, మఱియొక దారి కాలువల క్రింద వరి పండు గుడివాడ పల్లపునేలకును పోవును. మెట్టయు పల్లమును కలియు ఇట్టి చోటు మాండలిక పరిశీలనమునకు మిక్కిలి అనువైనది.

మొదటి పని ప్రశ్నను నిర్ణయించుకొనుట. ‘కృష్ణాజిల్లా భాష’ యనునది విషయమే గాని ప్రశ్న కాదు. వరినారు పోసెడి మడికి కూడలికి ఇరువైపుల ఏ పేరు కలదు? ఆకుమడియా, నారుమడియా, మఱియొకటియా? భేదమున్నచో అది నేలను బట్టి వచ్చినదా, వయస్సును బట్టియా, చదువును బట్టియా? ఇది ప్రశ్న, ఊళ్లకు పోయి విచారించి దీనికి సమాధానము తేల్పవచ్చును. జిల్లా హద్దునే మాండలికపు హద్దుగా ముందే యెంచుకొనరాదు. 2022వ సంవత్సరపు పునర్విభజనమున నూజివీడు కృష్ణాజిల్లాను వీడి ఏలూరు జిల్లాలో చేరినది. హనుమాన్ జంక్షన్ కృష్ణాజిల్లాలోనే నిలిచినది. ప్రభుత్వపు ఉత్తరువుతో జిల్లా పేరు మాఱును గాని రైతు నోటి మాట మాఱదు.

రెండవది పూర్వుల పద్ధతులను గుణదోషములతో ఎఱుఁగుట. గ్రియర్సన్ సంపాదకత్వమున 1903 మొదలు 1928 వఱకు వెలువడిన భారతీయ భాషా సర్వేక్షణమున బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథను ఆయా మాండలికములలోనికి అనువదింపించిరి. ఒకే కథ యగుటచే పోల్చుట సులభము; కాని అనువదించువాఁడు మూలవాక్యపు నడకకు లోఁబడును. పైఁగా మదరాసు రాజధానియు హైదరాబాదు సంస్థానమును ఆ సర్వేక్షణమున చేరలేదు గావున తెలుఁగుదేశము చాలవఱకు దానికి వెలుపలనే యుండిపోయినది. ఆ కొఱఁతను తీర్చు యత్నములలో ప్రధానమైనది భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వచ్చిన మాండలిక వృత్తిపదకోశము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వ్యవసాయ పదముల సంపుటమును 1962లోను, చేనేత పదముల సంపుటమును 1971లోను ప్రకటించెను. ఈ పదములు కావ్యములనుండి తీసినవి కావు. పల్లెలలో ఆయా వృత్తులవారి నోట విన్నవి. వృత్తిపదములకు ఒక సౌకర్యము కలదు: వస్తువును కన్నులయెదుట చూపి పేరడుగవచ్చును. తెలుఁగునకు పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తరములని 4 మండలములను కృష్ణమూర్తిగారు గుర్తించిరి. అందు కృష్ణాజిల్లా మధ్యమండలములోనిది.

మూఁడవది అడుగు తీరు. “దీనిని ఆకుమడి అంటారా అండీ?” అని యడిగినచో, ఎదుటివాఁడు మర్యాదకొఱకైనను “అవునండీ” అనును. ఆ యుత్తరము రైతుది కాదు, అడిగినవానిదే. మడిని చూపి “దీన్ని మీరేమంటారండీ?” అనవలెను. క్రియారూపముల విషయమున ఇంకను జాగ్రత్త వలయును. మాటను ఎవరో గమనించుచున్నారని తెలిసినంతనే మనుష్యుఁడు బడిభాషకు జరుగును. 1962లో లబోవ్ అను పండితుఁడు న్యూయార్కు నగరమున భిన్నశ్రేణులకు చెందిన 3 పెద్ద అంగళ్లలో, నాలుగవ అంతస్తునందున్న సరకు ఎచ్చటనని యడిగి, ‘ఫోర్త్ ఫ్లోర్’ అను ఉత్తరమున రేఫము పలుకుదురో లేదో 264 మంది వలన గ్రహించెను. విననట్లు నటించి మరల పలికించి, జాగ్రత్తతో పలికిన రూపమును సైతము గుర్తించెను. మన కూడలిలో గుడివాడ బస్సు ఆగు చోటు నడిగినచో “ఇక్కడే ఆగుతుందండి” అనువారెవరో, “ఇక్కడే ఆగుద్దండి” అనువారెవరో తెలియును.

నాలుగవది వక్తల యెన్నిక. భూస్వామి నొక్కనినే యడిగి ఊరి మాట యనరాదు. కౌలురైతును, కూలిని, ఊడ్పులు ఊడ్చు స్త్రీలను, వృద్ధులను, యువకులను ఇరువైపుల సమసంఖ్యలో విచారింపవలెను. వారి మాటను యంత్రమున నిక్షేపించుటకు ముందు అనుమతి పొందవలెను. ఊరు, తేది, వయస్సు, వృత్తి, అడిగిన ప్రశ్న వ్రాసికొనవలెను గాని పేరు ప్రకటింపరాదు. విన్నదానిని విన్నట్లే వ్రాయవలెను. దిద్దిన సాక్ష్యము సాక్ష్యము కాదు.

చివరిది నిర్ణయము. ఒకరి నోట విన్నది మాండలికము కాదు. జాబితాలో లేనిది ఊరిలో లేదనరాదు. తన యూహకు విరుద్ధమైన ఉదాహరణములను పరిశోధకుఁడు ముందుగా తానే వెదకి ప్రకటింపవలెను.

ఇది విదేశీయుల వింతపద్ధతి యని పండితులు తలంపఁబనిలేదు. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికి పోవును గాని, మాట కావలసినవాఁడు వైయాకరణుని యింటికి పోఁడని మహాభాష్యమున పతంజలి తెలిపియే యున్నాఁడు. ఇందు పాఠశాలా పండితులకును ఒక బాధ్యత కలదు. “ఆగుద్ది” అని వ్రాసిన బాలునికి గ్రాంథికరూపమును నేర్పుట యుక్తమే. కాని వాని యింటిమాటను తప్పనుట సాక్ష్యమును చెఱుపుటయే యగును. కోఁతయంత్రములు వచ్చిన పిమ్మట కుప్పనూర్పిళ్ల మాటలు వానిని స్వయముగా చేసినవారి నోటనే నిలిచియున్నవి. ఆ తరము గడచినచో ఎంతటి పద్ధతియు వానిని తిరిగి తేనేరదు. కావున పరిశోధక విద్యార్థి గ్రంథాలయమునకు పోవుటతోపాటు, ముందుగా పొలముగట్టునకు పోవుట యావశ్యకము.