పాట మీద మాట!

గోదావరిఖనిలో పెళ్ళి బరాత్ అంటే డీజే పెట్టెల మోతకు గోడలు అదరాల్సిందే! కానీ జమైకాలో డీజే అంటే పాట వేసేవాడు కాదండోయ్, పాట మీద మాట కలిపేవాడు!

అలాంటివాడే యూ-రాయ్. కింగ్‌స్టన్ వీధి డాన్సుల్లో కింగ్ టబ్బీ సౌండ్ సిస్టమ్ దగ్గర మైకు పట్టాడు. ఆ మాటలు తెల్లారేసరికి గాలిలో కలిసిపోయేవి. ప్యారగన్స్ గాయకుడు జాన్ హోల్ట్ విని ముచ్చటపడి, నిర్మాత డ్యూక్ రీడ్ చెవిన వేశాడట. అంతే! పాత హిట్ల ట్రాకుల మీదే యూ-రాయ్ మాటలు రికార్డయ్యాయి. 1970లో అవి జమైకాను ఊపేశాయి. ఆ ఊపులో వచ్చిన తొలి ఆల్బమే 'వెర్షన్ గాలోర్'. అసలు గాయకుడు ఒక ముక్క పాడితే, యూ-రాయ్ కేకతో బదులిస్తాడు. వీధి మైకుకు డిస్కు మీద పేరు దక్కింది!

2021లో యూ-రాయ్ కన్నుమూశాడు. ఈసారి బరాత్‌లో మైకందుకుని మన యాసలో నాలుగు మాటలు కలిపే పోరగాణ్ణి కసురుకోకండి. ఏమో, ఎవరు చూడొచ్చారు?