వెలుగు చాలని స్నానాలగది: తక్కువ ఖర్చులో చేసుకోదగిన మార్పులు

4.1 సమస్య ఎలా వచ్చింది?

హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ, మొఘల్‌పురా, హుస్సేనీ ఆలం వంటి మొహల్లాల గల్లీల్లో నడిచినవారికి అక్కడి పాత ఇళ్ల తీరు తెలిసే ఉంటుంది. మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ గదులు, గోడల పైభాగంలో గాలికీ వెలుగుకీ రోషన్‌దాన్‌లు. తరాలు మారి అన్నదమ్ములు వాటాలు పంచుకున్న చోట వాకిలిలో గోడలు లేచాయి. పక్కవారు అంతస్తు పెంచిన చోట రోషన్‌దాన్ మూసుకుపోయింది. అలాంటి ఇళ్లలో స్నానాలగదికి మిగిలేది చాలాసార్లు ఇంట్లోకెల్లా చీకటిగా ఉండే మూల. దానికి తోడు మరక కనిపించదన్న ఉద్దేశంతో అతికించిన మెరూన్, ముదురు గోధుమ, ముదురు ఆకుపచ్చ టైల్స్. మరక కనిపించని మాట నిజమే. దానితోపాటు తడినేల మీద పడిన సబ్బుముక్క కూడా కనిపించదు.

కాబట్టి దీన్ని కేవలం అలంకరణ సమస్యగా చూడకూడదు. ఇంట్లో చూపు మందగించిన పెద్దవారు ఉంటే ఇది వారి తుంటి ఎముకకు సంబంధించిన విషయం. నివాసానికి గాలీ వెలుగూ ఆరోగ్య అవసరాలన్న ఆలోచన ఈ నగరానికి కొత్తదీ కాదు. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వెడల్పు చేసే పని చేపట్టింది. మనం ఇక్కడ చర్చించేది నాలుగడుగుల వెడల్పు గది గురించే, అదీ అద్దె ఇంట్లో ఉన్నవారు కూడా చేసుకోగల పనుల గురించి.

4.2 టైల్స్ వెలుగును ఎంత మింగుతాయి?

గది చీకటిగా ఉందనగానే మనం చేసే మొదటి పని పెద్ద బల్బు కొనడం. అది ఎందుకు చాలదో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

ఒక ఉపరితలం మీద పడిన వెలుగులో తిరిగి వెనక్కు వచ్చే భాగాన్ని పరావర్తన గుణకం అంటారు. కొత్తగా వేసిన తెల్ల సున్నానికి ఇది సుమారు 0.8. దుమ్ము, చెమ్మ పట్టిన పాత గోడకు 0.3, షాబాదు బండల నేలకు 0.2, ముదురు గోధుమ టైల్‌కు 0.1 అనుకోవచ్చు. బల్బు వెలుగు ఒక గోడకు తగిలి అక్కడే ఆగిపోదు. తిరిగి వచ్చిన భాగం ఇంకో గోడకు, అక్కడినుంచి మరో గోడకు చేరుతుంది. ఇది మీరు ఇంటర్మీడియట్‌లో చదివిన గుణశ్రేఢి. గది సగటు గుణకం ‘గ’ అయితే, గదిలో తిరిగే మొత్తం వెలుగు బల్బు ఇచ్చిన దానికి 1 ÷ (1 − గ) రెట్లు ఉంటుంది.

ఇప్పుడు 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకోండి. తలుపును లెక్కలోంచి వదిలేద్దాం. టైల్స్ 6 అడుగుల ఎత్తు వరకు ఉన్నాయి: 120 చదరపు అడుగులు. వాటిపైన గోడ 60, పైకప్పు 24, నేల 24. మొత్తం 228. పైన చెప్పిన విలువలతో సగటు గుణకం 0.18 వస్తుంది, అంటే వెలుగు 1.22 రెట్లు. టైల్స్‌ను ముట్టుకోకుండా పైగోడకు, పైకప్పుకు మాత్రమే తెల్లరంగు వేస్తే సగటు 0.37, వెలుగు 1.59 రెట్లు. టైల్స్‌లో పై 3 అడుగుల పట్టీకి కూడా తెల్లరంగు వేసి దాని గుణకం 0.75 చేస్తే సగటు 0.54, వెలుగు 2.17 రెట్లు. టైల్స్ మొత్తం తెల్లగా చేస్తే 3.45 రెట్లు.

మూడో మెట్టును మళ్లీ చూడండి. 1.22 నుంచి 2.17కు పెరగడమంటే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇంచుమించు 16 వాట్ల బల్బు పని చేయడం, కరెంటు బిల్లు పెరగకుండా. నాలుగో మెట్టు ఇంకా లాభంగానే కనిపిస్తుంది కానీ, దాన్ని మేము సిఫారసు చేయం. బకెట్, చెంబుతో స్నానం చేసే ఇంట్లో నీళ్లు, సబ్బునురగ ఎక్కువగా తగిలేది కింది మూడడుగులకే. టైల్ మీద వేసిన రంగు ముందుగా లేచేదీ అక్కడే. నీళ్లు తక్కువగా తగిలే చోట తెలుపు వేయండి, తగిలే చోట పాత టైల్‌నే ఉండనివ్వండి.

4.3 రంగుకు ముందు

బోరునీళ్లు వాడే ఇళ్లలో టైల్స్ మీద తెల్లటి గార పడుతుంది. నిగనిగలాడాల్సిన టైల్ మసకబారేది దానివల్లే. నిమ్మరసం గాని వెనిగర్ గాని పూసి, పది నిమిషాలాగి పీచుతో రుద్దితే చాలావరకు పోతుంది. అయితే నేల షాబాదు లేదా తాండూరు బండలదైతే వాటిమీద ఈ పులుపు పడకుండా చూడాలి. అవి సున్నపురాయి బండలు. యాసిడ్ పోస్తే నురగ రావడం మురికి పోతున్నందుకు కాదు, రాయి కరుగుతున్నందుకు. నునుపు పోయి గరుకైన బండ తరువాత మురికిని మరింతగా పట్టుకుంటుంది. ఇంకొక హెచ్చరిక: బాత్‌రూమ్ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపవద్దు. గాలి ఆడని గదిలో వెలువడే క్లోరిన్ ప్రాణం మీదికి తెస్తుంది.

టైల్స్ మధ్య నల్లబడిన సందులను గీకి వైట్ సిమెంట్ నింపడం చౌకైన పని. ఒక పూట చాలు. గది ఎంత మారిందో చూసి, కొందరు ఇక్కడితోనే ఆగిపోతారు. రోషన్‌దాన్ మిగిలి ఉంటే దాని అద్దం తుడవండి. దానికి అట్టముక్క అడ్డం పెట్టి ఉంటే తీసి, గరుకు గాజు బిగించండి. పరువూ నిలుస్తుంది, వెలుగూ వస్తుంది.

4.4 పైగోడ, పైకప్పు

చార్మినార్ కట్టిన 1591 నాటినుంచీ ఈ ఊరికి సున్నం బాగా తెలుసు. పాత సున్నపు గోడలు చెమ్మను పీల్చి మెల్లగా బయటికి వదులుతాయి. అలాంటి గోడ మీద ఆయిల్ పెయింట్ వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, రంగు బుడగలుగా లేచి పెచ్చులూడుతుంది. రంగు మంచిది కాదని దుకాణదారును తిట్టుకుంటాం. తప్పు రంగుది కాదు, జోడీది. సున్నపు గోడకు సున్నమే వేయాలి. నానిన సున్నాన్ని గుడ్డలో వడకట్టి, పాలలా పలుచగా కలిపి, కొద్దిగా జిగురు, చిటికెడు నీలిమందు చేర్చాలి. గోడను తడిపి, రోజుకొక పూత చొప్పున మూడు పూతలు వేయాలి. సున్నానికి ఉన్న క్షారగుణం వల్ల బూజు త్వరగా పట్టదు. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

గోడ సిమెంటుదై, దానిమీద అప్పటికే ప్లాస్టిక్ రంగు ఉంటే సున్నం నిలవదు. అక్కడ బూజును అడ్డుకునే తెల్ల ఎమల్షన్ వాడాలి. గోడలోంచి నీరు కారుతుంటే మాత్రం ముందు పైపు సంగతి చూడాలి.

4.5 టైల్స్ పై పట్టీ

ఇందుకు ఎపాక్సీ రంగు కావాలి. జిడ్డంతా వాషింగ్ సోడాతో కడిగి, ఆరాక సాండ్‌పేపర్‌తో నిగనిగ పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, టైల్‌కు అంటుకునే ప్రైమర్ ఒక పూత, రంగు రెండు పూతలు వేయాలి. రుద్దడంలో బద్ధకిస్తే ఆరునెలల్లో గోరుతో గీకినా ఊడుతుంది. ఆరడానికి డబ్బా మీద రాసినంత సమయం ఇవ్వాలి. అసలు ఖర్చు ఇదే: ఒక్కటే స్నానాలగది ఉన్న ఇంట్లో రెండు మూడు రోజులు దాన్ని మూసేయడం. వానాకాలం కాకుండా, ఇంటిల్లిపాదీ పెళ్లికో పండక్కో ఊరెళ్లే రోజులు చూసుకోండి. అద్దె ఇల్లైతే యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. అడ్వాన్సు తిరిగి అడిగే రోజున నోటిమాట పనిచేయదు.

4.6 బల్బు, అద్దం, మెట్టు

బల్బు తలుపు పైన ఉంటే, లోపలికి తిరిగి నిలబడ్డవారి నీడ వారి ముందే పడుతుంది. పైకప్పు మధ్యకు మార్చితే నీడ కాళ్ల కిందికి చేరుతుంది. ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి, స్విచ్చు గది బయటే ఉండాలి. 4000 కెల్విన్ రంగున్న బల్బు తీసుకోండి. 6500 కెల్విన్ నీలి తెలుపులో గోధుమరంగు టైల్స్ బూడిదలా కనిపిస్తాయి.

పెద్ద అద్దం పెడితే గది వెలిగిపోతుందని తరచు వింటుంటాం. మన లెక్కలో 3 చదరపు అడుగుల అద్దం సగటు గుణకాన్ని 0.01 మాత్రమే పెంచుతుంది. లాడ్‌బజార్ లక్కగాజుల మీద అద్దపు బిళ్లలు మెరిసేది ఎదురుగా దీపం ఉన్నందుకే. మీ అద్దాన్నీ తలుపుకో రోషన్‌దాన్‌కో ఎదురుగా పెట్టండి, అక్కడి వెలుగును అది లోపలి మూలకు పంపుతుంది.

నేలను తెల్లగా చేయవద్దు. పాత ఇళ్లలో స్నానాలగది నేల గడప కంటే ఒక మెట్టు కిందికి ఉంటుంది. ఆ మెట్టు అంచు పొడవునా రెండంగుళాల తెల్లపట్టీ మాత్రం వేయండి. మిగిలిన ఎపాక్సీ రంగు దానికి సరిపోతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. మీ ఇంటి స్నానాలగది కొలతలు తీసుకుని, ప్రస్తుత సగటు పరావర్తన గుణకాన్ని లెక్కించండి.
2. పైకప్పుకు మాత్రమే తెల్లరంగు వేస్తే మీ గదిలో వెలుగు ఎన్ని రెట్లు అవుతుంది?