ఈగలు తినే మొక్కకు చలినిద్ర

ఇంటర్మీడియెట్‌లో డయోనియా బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నామే గాని, దాన్ని కళ్ళారా చూసింది మిషిగన్ వచ్చాకే. అమ్మాయి పట్టుబడితే ఒక కుండీ కొన్నాం. ఆకు మీది వెంట్రుకలను పురుగు సుమారు 20 సెకన్లలో రెండుసార్లు తాకితే ఆకు ఠక్కున మూసుకుంటుంది. వచ్చిన అతిథులందరికీ వేలు పెట్టి మరీ చూపించాం. కుళాయి నీళ్ళు పోశాం, ఎరువు వేశాం, చలికాలం హీటర్ పక్కన పెట్టాం. ఫిబ్రవరికల్లా చచ్చిపోయింది. ఇంట్లో ఇద్దరు డాక్టర్లుండీ ఒక మొక్కను బతికించలేకపోయారని అమ్మాయి రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

పుస్తకాలు తిరగేస్తే మా వైద్యమే దాన్ని చంపిందని తేలింది. దాని పుట్టిల్లు కరొలైనా తీరపు చిత్తడి నేలలు. నేలలో సారం లేకనే పురుగుల్ని పడుతుంది. ఎరువూ, కుళాయి నీటి లవణాలూ దానికి విషం. పీట్, ఇసుక కలిపి నాటి, వాన నీరో డిస్టిల్డ్ వాటరో పోయాలి. చలికాలం మూడు నాలుగు నెలలు చల్లగా నిద్రపోవాలి. మనం తిట్టుకునే చలే దానికి మందు!

రెండో మొక్కను నవంబరులో ఫ్రిజ్‌లో, గోంగూర పచ్చడి సీసా పక్కన, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పడుకోబెట్టాం. ఇంత శ్రమ వద్దనుకునేవారికి సర్రసేనియా పర్పురియా మేలు. జాడీల్లాంటి ఆకుల్లో వాన నీరు నిలిచి పురుగులు అందులో మునుగుతాయి. మిషిగన్ బురదనేలల్లోనే పుట్టే మొక్క. పైన్ ఆకులు కప్పితే పెరట్లో మంచు కిందే ఉంటుంది. అడవిలో తవ్వకండి, నర్సరీలో కొనండి.

అమ్మాయి రోజూ ఫ్రిజ్ తీసి చూస్తోంది. ఆకులు నల్లబడ్డాయి, దుంప మాత్రం గట్టిగానే ఉంది. మార్చిలో కిటికీ దగ్గరికి మారుస్తాం.