పోయిన నెలల పింఛను

కోదాడలో బస్సెక్కితే కాసేపటికే జగ్గయ్యపేట. పిల్లనిచ్చి పుచ్చుకునే చుట్టరికాలకు మధ్యనున్న రాష్ట్ర సరిహద్దు ఎన్నడూ అడ్డు రాలేదు. పింఛను దగ్గరే అడ్డొచ్చింది. 2024 జులై 1న అటువైపు వృద్ధులకు, వితంతువులకు 7,000 రూపాయలు ఒక్కసారే చేతికందాయి: పెంచిన 4,000, దాంతోపాటు ఏప్రిల్ నుంచి నెలకు వెయ్యి చొప్పున మూడు నెలల బకాయి. ఇటు చివ్వెంల, సూర్యాపేట, మిర్యాలగూడల్లో అదే వయసు వాళ్లకు వచ్చేది 2,016. ఇక్కడా 2023 ఎన్నికల్లో 4,000 హామీ ఇచ్చారు. ఆ డిసెంబర్ 28 నుంచి జనవరి 6 దాకా ప్రజాపాలన కార్యక్రమంలో దరఖాస్తులు తీసుకున్నారు. 2025 మధ్య నాటికీ పింఛను మొత్తం మారలేదు. పెంచిన నాడు వెనకటి నెలల తేడా కూడా కలిపి ఇస్తారా అన్నదే ఊళ్లలో అవ్వలు అడిగే మాట.

వాళ్ల అనుమానానికి కారణముంది. ఇక్కడి ఆసరా వృద్ధాప్య పింఛను వయసును 57కు తగ్గిస్తామని 2018 ఎన్నికల్లో చెప్పారు. జీవో 2021 ఆగస్టులో వచ్చింది, డబ్బు 2022 ఆగస్టు నుంచి వచ్చింది. మధ్య నెలలు పోయినట్టే.

ప్రభుత్వానికి రావాల్సినప్పుడు మాత్రం వెనకటి లెక్క బయటికొస్తుంది. 2024లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కుటుంబ పింఛను కూడా అందుకుంటున్న ఒక వృద్ధురాలికి, తీసుకున్న ఆసరా సుమారు 1.72 లక్షలు తిరిగి కట్టమని నోటీసిచ్చారు. పాత నెలలకు వసూలు ఉన్నప్పుడు పాత నెలలకు చెల్లింపూ ఉండాలి. సమానత్వమంటే అదే.

ఐర్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లు తెలుసుకోదగ్గ బకాయిల కథ ఒకటుంది. సంక్షేమ చెల్లింపుల్లో ఆడా మగా తేడా 1984 డిసెంబర్ కల్లా పోవాలని ఐరోపా ఆదేశం. ఐర్లాండ్ 1986లో గాని కదల్లేదు. కాటర్, మెక్‌డెర్మాట్ అనే ఇద్దరు ఇల్లాళ్లు కోర్టుకెక్కి 1991లో ఐరోపా న్యాయస్థానంలో గెలిచారు. అయినా వేలాది మంది మిగతా గృహిణుల బకాయిలకు 1995 దాకా ఆగాల్సొచ్చింది. మన దేశంలోనూ వృద్ధాప్య పింఛను ప్రతి నెలా 7వ తేదీలోగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. ఈ 7వ తేదీ గడువు ఊళ్లో చాలామందికి తెలియదు. ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

అసలు భయపడాల్సింది ఇంటాయన పోయినప్పుడు. ఆయన పింఛను దానంతటది ఆమె పేరు మీదికి మారుతుందని అనుకుని ఊరుకుంటే నెలలు జారిపోతాయి. మరణాన్ని 21 రోజుల్లో పంచాయతీలో రాయించాలి. ఆ లోపైతే రుసుము లేదు, ఆలస్యమైన కొద్దీ అనుమతులు, అఫిడవిట్లు. ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఇంటి పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూడాలి. తర్వాత మండల పరిషత్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, తేదీ, ముద్ర ఉన్న రసీదు తప్పకుండా తీసుకోవాలి. రేపు బకాయి అడగాలన్నా, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో నిలబడాలన్నా చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే. నోటిమాటగా చెప్పొచ్చిన రోజు ఏ లెక్కలోకీ రాదు. పోయినాయన 18, 59 ఏళ్ల మధ్యవాడై, ఆయన సంపాదనే ఆ పేద ఇంటికి ఆధారమైతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు వేరుగా అడగొచ్చు.

ఫైలు ఎక్కడ ఆగిందో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు విదేశం నుంచీ అడగొచ్చు. పౌరసత్వం మార్చుకున్నవాళ్లు మాత్రం ఊళ్లో ఉన్న అన్నదమ్ముల చేతో, మేనల్లుడి చేతో అడిగించాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. పిల్లలు డాక్టర్లు, పెద్ద ఉద్యోగులైన ఇళ్ల పెద్దలకు నిబంధనల ప్రకారం ఆసరా రాదు. కాబట్టి ఈ శ్రమ మన అమ్మానాన్నల కోసం కాదు, మన పొలాల్లో నాట్లేసిన, మనల్ని ఎత్తుకు తిప్పిన పక్కింటి అత్తల కోసం. చివ్వెంల మండలం దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతరకు మనవాళ్లు ఎంత దూరాన ఉన్నా సెలవు పెట్టి వస్తారు. లింగమంతుల స్వామి, చౌడమ్మల ముందు పిల్లల్ని నిలబెట్టి ఊరి ఆచారం చూపిస్తారు. అలా పిల్లలతో వచ్చినప్పుడే ఒక పూట కేటాయించి, ఒంటరిగా ఉన్న ఆడవాళ్ల ఆధార్, పాసుపుస్తకాలు ఒకచోట పెట్టి పేర్లు సరిచూడండి. ఆగిన దరఖాస్తుల రసీదులు ఫొటో తీసి ఊరి సంఘం దగ్గర భద్రపరచండి.