గురి తప్పిందెవరు? తుపాకీయా, తూటానా, మనిషా?

గోళీలాటలో ఎప్పుడూ ఓడిపోనివాళ్లు ఉండరు. ఓడిపోయినప్పుడు మనం ఏమంటాం? "ఈ గోళీ సొట్టది" అంటాం. "నేల ఎగుడు దిగుడుగా ఉంది" అంటాం. "నా వేలు వణికింది" అని మాత్రం చచ్చినా అనం! ఇంతకీ తప్పు ఎవరిది? గోళీదా, నేలదా, వేలిదా? ఈ తగువు నోటితో తేలదు. కొలబద్దతో తేలుతుంది. ఎలాగో చూడడానికి ఒక రైఫిల్ క్లబ్బుకు వెళ్దాం రండి.

ఆ క్లబ్బులో ఒక పాత .22 రైఫిల్ ఉందనుకుందాం. కోచ్ దగ్గరుండగా ముగ్గురు విద్యార్థులు దానితోనే సాధన చేస్తున్నారు. గుళ్లు లక్ష్యం మీద చెల్లాచెదురుగా పడుతున్నాయి. "గొట్టం మార్చేయాలి" అంటాడు ఒకడు. "ఖరీదైన తూటాలు కొనాలి" అంటుంది ఇంకొక అమ్మాయి. "గురి చూసే కన్ను సరిగా లేదు" అని మూడోవాడు ఎగతాళి చేస్తాడు. క్లబ్బు పెట్టెలో ఉన్న సొమ్ము ఒక్క మార్పుకే సరిపోతుంది. అది వృథా అయితే ఈ ఏడు పోటీల మీద ఆశ వదులుకోవలసిందే. మరి దేనికి ఖర్చు పెట్టాలి?

చొక్కా బొత్తాం అంత గురి

ముందు లక్ష్యం ఎంత చిన్నదో చూద్దాం. 50 మీటర్ల రైఫిల్ పోటీలో లక్ష్యం నడుమ ఉండే పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అంటే సుమారు చొక్కా బొత్తాం అంత! గుండు వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. గుండు అంచు వలయాన్ని తాకినా పది పాయింట్లు వస్తాయి. కాబట్టి గుండు నడిబొడ్డు లక్ష్య కేంద్రానికి 8 మిల్లీమీటర్ల లోపల పడాలన్నమాట.

ఆ సీసపు గుండు బరువు 2.6 గ్రాములు. గొట్టం లోపలి గోడలకు మరమేకు చుట్ల లాంటి గాడులుంటాయి. అవి గుండును గిరగిరా తిప్పుతాయి. మామూలుగా ఈ రైఫిళ్లలో గుండు సుమారు 40 సెంటీమీటర్లు వెళ్లేసరికి ఒక చుట్టు తిరుగుతుంది. సెకనుకు 330 మీటర్ల వేగంతో బయటికొచ్చే గుండు సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో మీరే లెక్క కట్టండి. 800కు పైనే! గిర్రున తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడినట్లే, గుండు కూడా పల్టీలు కొట్టకుండా ముక్కు ముందుకు పెట్టి సాగిపోతుంది.

రీళ్ల తుపాకీకి చుట్టం

దీపావళికి మీరు రీళ్ల తుపాకీ కాల్చే ఉంటారు. రీలు మీది మందు చుక్కపై దెబ్బ పడగానే అది టప్పున పేలుతుంది. .22 తూటాలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. తూటా అడుగున చిన్న పళ్లెం అంచులాగా ఒక అంచు ఉంటుంది. దెబ్బకు అంటుకునే మందును ఆ అంచు మడతలో నింపుతారు. రైఫిల్‌లోని సూది ఆ అంచు మీద కొడుతుంది. నిప్పు పుట్టి లోపలి తుపాకి మందు అంటుకుంటుంది. ఆ వాయువుల ఒత్తిడికి గుండు ముందుకు దూసుకుపోతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ తూటా అంటారు. ఈనాడు క్రీడలో వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో పుట్టింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మడతలో మందు ఒక తూటాకు ఒకలా, ఇంకొక తూటాకు మరొకలా పరుచుకుంటే వేగం మారుతుంది. వేగం మారితే ఏమవుతుంది? గాలి అడ్డును పక్కనపెట్టి లెక్క చూద్దాం. సెకనుకు 330 మీటర్ల వేగంతో వెళ్లే గుండుకు 50 మీటర్లు దాటడానికి 0.15 సెకను పడుతుంది. ఆ కాస్త సేపట్లో భూమ్యాకర్షణ దాన్ని సుమారు 112 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. వేగం 320 మీటర్లే అయితే గుండు సుమారు 119 మిల్లీమీటర్లు పడిపోతుంది. తేడా 7 మిల్లీమీటర్లు! మనకున్న వెసులుబాటు 8 మిల్లీమీటర్లే కదా? షూటర్ తప్పు ఏమీ లేకుండానే పది కాస్తా తొమ్మిది కావచ్చు.

గుంపు చెప్పే కథ

ఇక మన క్లబ్బుకు తిరిగి వద్దాం. కోచ్ ఏ వాదననూ ఒప్పుకోలేదు. "ముందు కొలుద్దాం" అన్నాడు. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి పది గుళ్లు కాల్పించాడు. గుళ్లన్నీ 20 మిల్లీమీటర్ల వెడల్పున గుంపుగా పడ్డాయి. తరువాత పిల్లలు భుజానికి ఆనించి అదే రైఫిల్‌తో, అవే తూటాలతో కాల్చారు. ఈసారి గుంపు వెడల్పు 52 మిల్లీమీటర్లు.

గుంపు చిన్నదిగా ఉండి, లక్ష్యానికి ఒక పక్కన పడితే దిగులు లేదు. గురిచూపును కాస్త జరిపితే చాలు. గుంపే చెదిరిపోతే మాత్రం కారణం వెతకాలి. మూడు గుళ్లు కాల్చి తీర్పు చెప్పకూడదు. మూడూ అదృష్టవశాత్తు దగ్గర దగ్గరగా పడవచ్చు. పదేసి గుళ్లు, అదీ రెండు మూడుసార్లు కాలిస్తేనే నిజం బయటపడుతుంది.

పైథాగరస్ వచ్చి చెప్పిన తీర్పు

52 లోంచి 20 తీసేస్తే 32. కాబట్టి మనిషి వాటా 32 అనుకుంటున్నారా? కాదు. రైఫిల్ ఒకవైపు తప్పితే మనిషి అదేవైపు తప్పాలని లేదు. ఒక్కోసారి రెండు తప్పులూ కలుస్తాయి. ఒక్కోసారి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇలాంటి తప్పులు మామూలు కూడికలా కాక, లంబకోణ త్రిభుజంలో భుజాల్లాగా కలుస్తాయి. మొత్తం చెదురు కర్ణం అన్నమాట.

52 వర్గం 2704. 20 వర్గం 400. తీసివేస్తే 2304. దాని వర్గమూలం 48. మనిషి వాటా 48!

ఇప్పుడు క్లబ్బు సొమ్ముతో మేలిరకం తూటాలు కొని, రైఫిల్ వాటాను 20 నుంచి 8కి తగ్గించారనుకోండి. మొత్తం గుంపు ఎంత అవుతుంది? 48 వర్గం, 8 వర్గం కూడి వర్గమూలం తీస్తే సుమారు 48.7. డబ్బంతా ఖర్చయింది, తగ్గింది మాత్రం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు! దానికి బదులు పిల్లలు సాధనతో తమ చెదురును సగానికి, అంటే 24కు తగ్గించుకుంటే? అదే పాత రైఫిల్‌తో గుంపు 31 మిల్లీమీటర్లకు వస్తుంది.

అలాగని తూటాలు ఎప్పటికీ అనవసరమని కాదు. పిల్లలు ఇంకా నేర్చుకుని తమ వాటాను 15కు తెచ్చారనుకోండి. అప్పుడు గుంపు 25. ఇప్పుడు అవే మేలిరకం తూటాలు కొంటే గుంపు 17కు దిగుతుంది. అదే ఖర్చు, అవే తూటాలు. మొదట మూడు మిల్లీమీటర్లు ఇచ్చినవి ఇప్పుడు ఎనిమిది ఇచ్చాయి! పెద్ద భుజాన్ని ముందు తగ్గించాలి. అది తగ్గాకే చిన్న భుజం మీద పెట్టిన ఖర్చు ఫలిస్తుంది.

చవకగా చేయగల పనులు

రైఫిల్ వాటాను తగ్గించడానికి ముందుగా చూడవలసినవి దమ్మిడీ ఖర్చు లేనివి.

గొట్టాన్ని కొయ్య భాగానికి బిగించే మరలు వదులయ్యాయేమో చూడాలి. గుండు పేలినప్పుడు గొట్టం మీటిన తంబురా తీగలాగా కంపిస్తుంది. ప్రతిసారీ ఒకే తీరుగా కంపిస్తే చిక్కు లేదు. మరలు వదులైతే, లేక గొట్టం కొయ్యకు ఒకచోట రాసుకుంటే, ఆ తీరు మారిపోతుంది. చాలా లక్ష్య రైఫిళ్లలో గొట్టానికీ కొయ్యకూ నడుమ కాగితం ముక్క దూరేంత సందు ఉంచేది అందుకే.

గొట్టం చివరి అంచు నున్నగా ఉండాలి. అక్కడ చిన్న నొక్కు పడినా వాయువు ఒక పక్కనుంచి ముందుగా తప్పించుకుని గుండును పక్కకు నెడుతుంది. శుభ్రం చేసే కడ్డీని మూతి వైపునుంచి మోటుగా తోసి ఈ అంచును పాడు చేసేవాళ్లు ఉన్నారు. తూటా పెట్టే వైపునుంచే తుడవడం మేలు.

ఆ తరువాత తూటాల పరీక్ష. ఒకే కంపెనీ, ఒకే పేరు, అయినా వేర్వేరు విడతల్లో తయారైన తూటాలు వేర్వేరుగా పనిచేస్తాయి. అందుకే పెట్టె మీద విడత నెంబరు వేస్తారు. నాలుగు విడతలవి కొద్ది కొద్దిగా తెచ్చి, ఇసుక సంచుల మీద పరీక్షించి, ఆ రైఫిల్‌కు నప్పిన విడతను ఒకేసారి కొని దాచుకోవాలి. ఖరీదైనదే నప్పుతుందన్న నియమం లేదు. గుండు మీది మైనపు పూత గొట్టానికి అంటుకుంటుంది. కాబట్టి తూటా రకం మార్చగానే మొదటి కొన్ని గుళ్లను లెక్కలోకి తీసుకోకూడదు.

ఒక హెచ్చరిక. మన దేశంలో ఇలాంటి తుపాకులకు 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. కాల్చడం కోచ్ సమక్షంలోనే జరగాలి. విప్పడం, బిగించడం ఆ పని తెలిసిన లైసెన్సుదారు నిపుణుడే చేయాలి.

మీరూ చేసి చూడండి

తుపాకీ లేకుండానే ఈ పాఠం నేర్చుకోవచ్చు. నేలమీద తెల్లకాగితం పరిచి, దానిపై కార్బన్ కాగితం ఉంచండి. నిలబడి, చేయి చాచి, బల్ల ఎత్తునుంచి ఒక గోళీని పదిసార్లు ఒకే చోటికి వదలండి. ఎగిరిన గోళీ మళ్లీ కాగితం మీద పడకుండా పట్టుకోండి. గుర్తుల గుంపు వెడల్పు కొలవండి. తరువాత కొత్త కాగితం పరిచి, చేతిని బల్ల అంచుకు ఆనించి వదలండి. మూడోసారి గోళీకి బదులు గులకరాయి తీసుకోండి. చేతి వాటా ఎంత, గోళీ వాటా ఎంత అన్నది మీకే తెలుస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి సుమా! రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

2012లో లండన్ ఒలింపిక్స్‌లో బోర్లా పడుకుని కాల్చే 50 మీటర్ల రైఫిల్ పోటీలో మన జోయ్‌దీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. 70 గుళ్లు కాల్చాక కాంస్యానికీ అతనికీ మధ్య తేడా 1.9 పాయింట్లు. 2024లో పారిస్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్ పోటీలో స్వప్నిల్ కుసాలే ఆ కాంస్యం సాధించాడు. అంత ఎత్తుకు ఎదిగినవాళ్లకు ఒక్క మిల్లీమీటరు కూడా విలువైనదే. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లు మాత్రం డబ్బు సంచి కంటే ముందు కొలబద్ద తీయాలి.

ఇంతకీ మన క్లబ్బు ఏం చేసింది? మరలు బిగించింది. సొమ్మును పెట్టెలోనే ఉంచి, మూడు నెలలు సాధన చేయించి, మళ్లీ కొలవాలని నిర్ణయించింది. మీరైతే ఏం చేసేవారు?